డ్రమ్ము మీద పేరు

మా నాన్న పెళ్లిళ్లకి క్లారినెట్టు వాయించేవాడు. తెనాలి పక్కన మా ఊళ్లో బ్యాండు మేళం మాదే. ముహూర్తాలు జోరుగా ఉంటే పన్నెండు మంది, మూఢం వస్తే నలుగురు. మిగతావాళ్లు ఆ రోజులన్నీ పొలం పనికో తాపీ పనికో పోయేవాళ్లు. వసారాలో గోడకి ఆనించి పెద్ద డ్రమ్ము ఉండేది. దాని మీద ఎర్ర రంగుతో అమ్మవారి పేరు, ఊరి పేరు, కింద చిన్న అక్షరాల్లో 'ప్రొ.' అని, అంటే ప్రొప్రైటర్ అని, నాన్న పేరు.

రెండు మూడేళ్లకోసారి తోలు పగిలేది. కొత్త తోలు బిగించాక, బోర్డులు రాసే ఆర్టిస్టుని పిలిపించేవాడు నాన్న. ఆయన ముందు సుద్దముక్కతో రెండు సన్నటి గీతలు గీసుకుని, వాటి మధ్య అక్షరాలు ఒదిగేలా రాసేవాడు. సున్నా చుట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. నేను పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చుని చూసేదాన్ని. తడి ఆరేదాకా ఎవర్నీ ఆ దరిదాపులకి రానిచ్చేవాడు కాదు నాన్న.

తోలే కాదు, మనుషులూ మారేవాళ్లు. సైడు డ్రమ్ము అబ్బాయికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. యూఫోనియం తాత ఆయాసం వచ్చి మానేశాడు. ఒక ఏడాది గుంటూరు బ్యాండువాళ్లు ఎక్కువ డబ్బులిస్తామని ఇద్దర్ని తీసుకుపోయారు. ట్రంపెట్ ఆయన ఒక్కడే ఎప్పుడూ ఉండేవాడు. నేను ఆయన్ని బాకా బాబాయి అనేదాన్ని. పెళ్లివాళ్లు అడ్వాన్సు చేతిలో పెడుతూ "మా పెద్దమ్మాయి పెళ్లికి వచ్చిన బ్యాండే కదా?" అని అడిగితే, నాన్న తడుముకోకుండా "అదేనండీ" అనేవాడు. పన్నెండు మందిలో ఏడుగురు కొత్తవాళ్లని నాకు తెలుసు. నాన్న అబద్ధం ఆడుతున్నాడేమోనని లోపల బాధగా ఉండేది. అడగలేకపోయాను.

1987లో పెళ్లయి చికాగో వచ్చాను. రెండేళ్లకి ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా డ్యూటీ. సిటీ బస్సులో వెళ్లి బస్సులో వచ్చేదాన్ని. ఆ బస్సుల మీద సి.టి.ఎ. అని రాసి ఉంటుంది, చికాగో ట్రాన్సిట్ అథారిటీ. చలికాలం తెల్లవారుజామున బస్టాపులో నిలబడి ఆ మూడక్షరాల కోసం ఎన్నిసార్లు ఎదురుచూశానో లెక్కలేదు.

ల్యాబ్‌లో నాతోపాటు పనిచేసే ఆవిడ నాకంటే పదేళ్లు పెద్దది. ఊరికి ఆనుకుని ఉన్న సిసరోలో పుట్టి పెరిగింది. రాత్రంతా చిన్న రేడియో పెట్టుకునేది. ఆ ఏడాది ఏ స్టేషన్ తిప్పినా 'లుక్ అవే' పాటే. చికాగో అనే బ్యాండువాళ్లది. 1989 మొత్తానికి అమెరికాలో నంబర్ వన్ పాటగా బిల్‌బోర్డ్ పత్రిక లెక్కకట్టింది కూడా. నాకు బాగానే ఉండేది. ఆవిడ మాత్రం పాట రాగానే సౌండు తగ్గించేసేది. "పేరు వాళ్లదే. కానీ ఇందులో ట్రంపెట్లు ఏవి?" అంది ఒకరోజు. మర్నాడు ఇంటినుంచి ఒక పాత క్యాసెట్టు తెచ్చింది.

రక్తం శాంపిల్స్ సెంట్రిఫ్యూజులో తిరుగుతున్నాయి. ఆవిడ క్యాసెట్టు పెట్టి, మాట్లాడకుండా గోడ గడియారం వైపు వేలు చూపించింది. తెల్లవారుజాము మూడూ ముప్ఫై అయిదు. 'ట్వంటీఫైవ్ ఆర్ సిక్స్ టు ఫోర్'. నాలుగింటికి ఇరవై అయిదో ఇరవై ఆరో నిమిషాలు తక్కువ, అంతే దాని అర్థం. పాట రాయాలని రాత్రంతా మేలుకుని కూర్చున్న మనిషి మీద రాబర్ట్ లామ్ రాసిన పాట, 1970 నాటిది. గిటారు పైనుంచి ఒక్కో మెట్టే దిగుతూ వస్తుంది, మళ్లీ పైకెక్కి మళ్లీ దిగుతుంది. అప్పుడు ఒక్కసారిగా మూడు గాలి వాయిద్యాలు అందుకున్నాయి. ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సాఫోన్. నా చేతిలో ఉన్న ట్యూబు అలాగే ఉండిపోయింది. పెళ్లి ఊరేగింపు మా వీధి మలుపు తిరుగుతుంటే, మనుషులు కనపడక ముందే వినపడే చప్పుడు అది. అమెరికా వచ్చాక ఆ చప్పుడు విని రెండేళ్లు దాటింది.

అప్పట్నుంచీ రాత్రి రెండింటికి ఇద్దరం టిఫిన్ బాక్సులు తెరిచినప్పుడల్లా ఆవిడ ఆ బ్యాండు కథ చెబుతుంటే వినేదాన్ని. ఆ కథ మొదలయింది 1967 ఫిబ్రవరిలో, ఈ ఊళ్లోనే, వాల్టర్ పారజైడర్ అనే అబ్బాయి అపార్ట్‌మెంట్‌లో. డిపాల్ యూనివర్సిటీలో శాస్త్రీయంగా క్లారినెట్టు నేర్చుకున్నవాడు. ఆ మాట విన్నాక నాకు మిగతా కథ మీద ఇంకా ప్రేమ పుట్టింది. ట్రంపెట్ లీ లాక్‌నేన్, ట్రాంబోన్ జేమ్స్ పాంకో, గిటారు టెరీ కాథ్, డ్రమ్స్ డానీ సెరఫిన్, కీబోర్డు రాబర్ట్ లామ్. ఆ ఏడాది చివర్లో బేస్ గిటారుకి పీటర్ సెటెరా చేరాడు. మొత్తం ఏడుగురు. రాక్ బ్యాండుల్లో గాలి వాయిద్యాలు అప్పటిదాకా పాటకి పక్కన నిలబడేవి. వీళ్లు వాటిని పాట మధ్యలోకి తెచ్చారు. గొంతు ఎంత ముఖ్యమో ఆ మూడూ అంతే ముఖ్యం. వాటి వరసలు ఎక్కువగా కూర్చింది పాంకో.

1969లో మొదటి రికార్డు వేసినప్పుడు బ్యాండు పేరు చికాగో ట్రాన్సిట్ అథారిటీ. అవును, నేను రోజూ ఎక్కే బస్సు పేరే. అసలు బస్సు సంస్థవాళ్లు కోర్టుకి వెళ్తామనేసరికి చికాగో అని కుదించుకున్నారు. రికార్డులకి కూడా వేరే పేర్లు పెట్టకుండా దాదాపు అన్నిటికీ అంకెలే వేసుకుంటూ పోయారు. అట్ట మీద మాత్రం చేతివ్రాతలా ఒంపులు తిరిగిన ఒకే రకం అక్షరాలు. ఒకసారి చెక్క మీద చెక్కినట్టు, ఒకసారి చాక్లెట్ బిళ్ల మీద అచ్చు పోసినట్టు. అట్ట మారుతుంది, అక్షరాల తీరు మారదు. ఆవిడ ఇంట్లో ఆ అట్టలన్నీ వరసగా నేల మీద పరిచి చూపించిన రోజు నాకు మా వసారా గుర్తొచ్చి కళ్లు తడి అయ్యాయి. ఎందుకో ఆవిడకి చెప్పాను. సున్నా చుట్టడం గురించి కూడా చెప్పాను. శ్రద్ధగా వింది.

కాథ్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు మారిపోయేది. 1978 జనవరి 23న, చేతిలో ఉన్న తుపాకీ పొరపాటున పేలి పోయాడు. ఇంకో వారంలో ముప్ఫై రెండు నిండేవి. 'కలర్ మై వరల్డ్' అని మూడు నిమిషాల పాట ఒకటి ఉంది. పాంకో రాశాడు, కాథ్ పాడాడు, చివర్లో పారజైడర్ ఫ్లూటు. ఆ రోజుల్లో హైస్కూలు డాన్సుల్లో ఆఖరున ఈ పాట పెట్టేవాళ్లట. ఆవిడా ఆ పాటకి డాన్సు చేసిందే. "నేను ఏడ్చింది గిటారిస్టు కోసం కాదు, నా పదిహేడేళ్ల వయసులో ఉన్న గొంతు కోసం" అంది. ఆ మాట నేను మర్చిపోలేను. కాథ్ పోయేనాటికి అతని కూతురికి రెండేళ్లు కూడా నిండలేదు. పెద్దయ్యాక ఆ అమ్మాయి తండ్రి ఎలాంటివాడో తెలుసుకోవడానికి పాత స్నేహితులందర్నీ కలిసి ఒక డాక్యుమెంటరీ తీసింది. అది చూసి నేను రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను.

మొదటిసారి వాళ్లని స్టేజీ మీద చూసింది 1992 వేసవిలో. ఆవిడే టికెట్లు కొంది. ఆరుబయట, పచ్చిక మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. నేను అప్పటికి ఆ క్యాసెట్టు అరిగేదాకా విని ఉన్నాను. 1976లో వాళ్లకి మొదటి నంబర్ వన్ తెచ్చిన 'ఇఫ్ యూ లీవ్ మీ నౌ' ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను. పాట మొదలైంది. పాడుతున్నది నాకు తెలిసిన మనిషి కాదు. సెటెరా 1985లోనే వెళ్లిపోయాడని తెలుసు, కానీ తెలియడం వేరు, చెవులారా వినడం వేరు. ఆయన స్థానంలో వచ్చిన జేసన్ షెఫ్ బాగానే పాడాడు. చేరినప్పుడు ఇరవై మూడేళ్ల కుర్రాడు. వాళ్ల నాన్న ఎల్విస్ ప్రెస్లీ దగ్గర బేస్ గిటారు వాయించిన మనిషి. అయినా నా మనసు ఒప్పుకోలేదు. డ్రమ్స్ దగ్గరా కొత్తాయనే. మొదటి రోజు నుంచీ ఉన్న సెరఫిన్‌ని 1990లో బ్యాండే వద్దనుకుంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గిటారు కొత్త, కీబోర్డు పక్కన ఇంకో గొంతు కొత్త. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, చిన్నప్పుడు మా వసారాలో లెక్కపెట్టినట్టే. "వీళ్లు వాళ్లేనా?" అని ఆవిడని అడిగాను. పాట మధ్యలో ఉంది, జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు వెళ్లలేదు. పిల్లలు, ఇల్లు మారడం, డ్యూటీలు. ఒరోరాలో బాలాజీ గుడి, డెవాన్ వీధిలో సరుకులు, శనాదివారాలు వాటికే సరిపోయేవి.

2005లో నాన్న మా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆయనకి డెబ్బై. ఊళ్లో బ్యాండు ఇంకా నడుస్తోంది కానీ ఆయన ఊదడం తగ్గించేశాడు, పళ్లు ఊడిపోతే క్లారినెట్టుకి పట్టు దొరకదు. ఆ వేసవిలో చికాగో వాళ్లూ, ఎర్త్ విండ్ అండ్ ఫైర్ వాళ్లూ కలిసి ఊరూరా తిరుగుతున్నారు. ఆ రెండో బ్యాండు మొలకెత్తిందీ ఇక్కడే. దాన్ని పెట్టిన మారిస్ వైట్ పార్కిన్సన్స్ జబ్బుతో అప్పటికి పదేళ్లుగా టూర్లకి రావడం లేదు. తమ్ముడు వెర్డిన్, గాయకుడు ఫిలిప్ బెయిలీ నడిపిస్తున్నారు. నాన్నకి ఇవేవీ తెలియవు. "గాలి వాయిద్యాలు బాగుంటాయి నాన్నా, రా" అన్నాను. ఇస్త్రీ పంచె, లాల్చీ వేసుకుని బయల్దేరాడు. ఆవిడ ముందుగానే వచ్చి మడత కుర్చీ తెచ్చి నాన్నకి వేసింది.

నాన్న పాడేవాళ్ల వంక చూడనే లేదు. ఎవరు పాడుతున్నారో, పాతవాడా కొత్తవాడా, ఆయనకి అక్కర్లేదు. కళ్లన్నీ ఒక పక్కన నిలబడ్డ ముగ్గురి మీదే. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని "ముగ్గురూ ఒకే చోట ఊపిరి తీసుకుంటున్నారు చూడు" అన్నాడు. నేను అంతకు ముందు అది ఎప్పుడూ గమనించలేదు. పాట అందుకోబోయే ముందు మూడు జతల భుజాలు ఒక్కసారే లేస్తున్నాయి. ఒకరివంక ఒకరు చూసుకోవడం కూడా లేదు. "ఎన్నాళ్లబట్టి కలిసి ఊదుతున్నారు?" అని అడిగాడు. "ముప్ఫై ఎనిమిదేళ్లు" అన్నాను. తలాడించాడు.

'కలర్ మై వరల్డ్' చివర్లో పారజైడర్ ఫ్లూటు తీసుకుని ముందుకి వచ్చాడు. ఆయన అసలు చదువు క్లారినెట్టేనని నాన్న చెవిలో చెప్పాను. "ఆ వేళ్లు చూస్తే తెలుస్తూనే ఉంది" అన్నాడు నాన్న. ఒళ్లో పెట్టుకున్న ఆయన వేళ్లు కూడా కదులుతున్నాయి.

కారులో వస్తూ, చిన్నప్పుడు అడగలేనిది ఆ రాత్రి అడిగేశాను. సగం మంది కొత్తవాళ్లయినా పెళ్లివాళ్లకి "అదేనండీ" అని ఎలా చెప్పేవాడివి నాన్నా, అని. ఆయన నొచ్చుకోలేదు. "సురభి వాళ్ల నాటకాలు చూశాం గదే. మా నాన్న చూసిన కృష్ణుడు వేరు, నేను చూసిన కృష్ణుడు వేరు. అయినా అది సురభి కాకుండా పోయిందా?" అన్నాడు. కాసేపాగి, "కొత్తగా వచ్చినోణ్ణి మూడు నెలలు పక్కనే నిలబెట్టి ఊదించేవాణ్ణి. పాతవాళ్లతో పాటు ఊపిరి తీసుకోవడం వచ్చిందాకా డ్రెస్సు ఇచ్చేవాణ్ణి కాదు. డ్రెస్సు ఇచ్చానంటే ఆడు మా బ్యాండోడే. ఇంక నేను చెప్పింది అబద్ధం ఎట్టా అవుద్ది?" అన్నాడు. ఎర్ర కోటు, జరీ భుజాలు, టోపీ. ఆ డ్రెస్సు కోసం కుర్రాళ్లు ఎందుకంత ఆశపడేవాళ్లో నాకు అప్పుడు అర్థమైంది.

కానీ నాన్న మాట అన్ని చోట్లా పనికొస్తుందని నేను అనుకోను. చికాగోతో పాటే 1967లో న్యూయార్క్‌లో పుట్టిన బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ ఉంది. అదీ ఇలాంటి సంగీతమే, ట్రంపెట్లు, ట్రాంబోను, సాక్సాఫోను. పెట్టిన ఆల్ కూపర్ మొదటి రికార్డు కాగానే వెళ్లిపోయాడు. డేవిడ్ క్లేటన్ థామస్ గొంతుతో వచ్చిన రెండో రికార్డు, బీటిల్స్ వాళ్ల 'అబ్బే రోడ్' పోటీలో ఉన్నా సరే, ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ గెలుచుకుంది. తర్వాత వంద మందికి పైగా వచ్చి వెళ్లారు. పేరు మీద హక్కు మొదటి డ్రమ్మర్ బాబీ కొలంబీది, కానీ ఆయన స్టేజీ ఎక్కి వాయించడం ఎప్పుడో మానేశాడు. మొదట్లో ఉన్నవాళ్లు ఒక్కరూ లేకుండా కూడా ఆ పేరుతో కచేరీలు జరిగాయి. ఒకసారి వెళ్లాను. అందరూ గట్టి విద్వాంసులే, స్వరం ఎక్కడా తప్పలేదు. కానీ కొత్తవాణ్ణి పక్కన నిలబెట్టుకునే పాతవాడు ఎవరూ లేరు. కాగితం చూసి నేర్చుకున్న ఊపిరికీ, పక్కవాడి దగ్గర నేర్చుకున్న ఊపిరికీ తేడా ఉంటుంది. నేను బ్యాండు ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఆ తేడా వినపడింది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం సంతోషంగా పాడుకుంటున్నారు. వాళ్ల సంతోషం కూడా నిజమే.

నాన్న 2011లో పోయాడు. ఆఖరి చూపుకి అందుకోలేకపోయాను. ఊరేగింపులో బ్యాండే ముందు నడిచిందని, బాకా బాబాయి ఒక్కడే సెంటర్ దాకా ఆపకుండా ఊదాడని తమ్ముడు చెప్పాడు.

2016లో చికాగోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. సెటెరా రాలేదు. సెరఫిన్ మాత్రం వచ్చి, ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్లీ వాళ్ల వెనక కూర్చుని డ్రమ్స్ వాయించాడు. టీవీలో చూస్తూ నేనూ ఆవిడా ఫోన్లో ఒక్క మాట కూడా అనుకోలేదు, ఫోను మాత్రం పెట్టలేదు.

మళ్లీ వెళ్లింది 2018లో. ఇద్దరం రిటైరయ్యాం. ఆవిడకి మోకాలు ఆపరేషన్ అయింది, ఈసారి మడత కుర్చీ నేను మోశాను. పాడే కొత్తాయన నీల్ డానెల్ కెనడా మనిషి, అంతకు ముందు చికాగో పాటలే పాడే ఒక అభిమానుల బ్యాండులో ఉండేవాడు. దూరం నుంచి విని విని నేర్చుకున్నవాడు అసలు వాళ్ల పక్కన నిలబడ్డాడు. డ్రమ్స్ దగ్గర మళ్లీ కొత్త మనిషి. మొదటి ఏడుగురిలో ముగ్గురే మిగిలారు, లామ్, లాక్‌నేన్, పాంకో. గుండె జబ్బుతో పారజైడర్ అప్పటికే తిరగడం మానేశాడు. మూడేళ్ల తర్వాత ఆయనకి అల్జీమర్స్ అని తెలిసింది. క్లారినెట్టు వేళ్లకి అవి ఏ రంధ్రాలో గుర్తుంటుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

ఆ కచేరీలో ఫ్లూటు అందుకున్నది రే హెర్మన్. నేను పాడేవాళ్లని చూడటం మానేసి, నాన్న చూసిన చోటే చూశాను. పాంకోకి ఎడాపెడా తిరుగుతూ, ట్రాంబోన్ సాచి ఆడించడం అలవాటు. అందుకోబోయే ముందు మాత్రం నిలబడ్డాడు. మూడు జతల భుజాలు ఒక్కసారే లేచాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇరవై ఆరేళ్ల కిందట నేను అడిగిన ప్రశ్న ఆవిడకి గుర్తుందో లేదో తెలియదు, నేను గుర్తు చెయ్యలేదు.

ఆ మరుసటి ఏడాది సంక్రాంతి ముందు బాకా బాబాయి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. వెనకాల వసారా, గోడకి ఆనించిన డ్రమ్ము. నాన్న పోయాక బ్యాండు ఆయనే నడుపుతున్నా, డ్రమ్ము మీద 'ప్రొ.' అని నాన్న పేరే ఉంచేశాడు, ఎనిమిదేళ్లు. తోలు అడ్డంగా చీలి, నాన్న పేరు రెండు ముక్కలైంది.

"అమ్మాయ్, కొత్తది బిగిస్తన్నాం. ఆర్టిస్టు వచ్చి కూచున్నాడు. ఏం రాయించమంటావ్?"

"అమ్మవారి పేరు, ఊరి పేరు ఉన్నవి ఉన్నట్టే రాయించు బాబాయ్. ప్రొ. దగ్గర నీ పేరు."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మీ నాన్న పేరు తీసేసి నా పేరా" అని ఫోను పక్కకి తిప్పేశాడు. తెర మీద కాసేపు వసారా కప్పు, దూలం, ఎప్పుడో పెట్టిన పిచ్చుక గూడు కనిపించాయి. తర్వాత ఆయన గొంతు, నాతో కాదు, పక్కనున్న మనిషితో: "సుద్ద తియ్యరా. గీతలు సరిగ్గా గియ్యి."

సాయంత్రం ఫొటో వచ్చింది. తెల్లటి తోలు మీద ఎర్ర అక్షరాలు, రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. పక్కన కొత్త కుర్రాడొకడు, కోటు ఇంకా రాలేదు, మామూలు చొక్కాతోనే, చేతిలో క్లారినెట్టు పట్టుకుని నిలబడ్డాడు.